భద్రిరాజు కృష్ణమూర్తి గురించి రాయాలంటే నాగలి దగ్గర మొదలుపెట్టాలి

మా నాన్నగారిది అనంతపురం జిల్లా, అమ్మది కృష్ణా జిల్లా. అందువల్ల చిన్నప్పుడు మా ఇంట్లో నాగలికి కనీసం రెండు పేర్లు ఉండేవి. నాన్నగారి వైపు వాళ్ళు దాన్ని మడక అనేవారు. అమ్మ వైపు ‘అరక’ అన్న మాట ఎక్కువగా వినిపించేది. బడి పుస్తకంలో మాత్రం నాగలి అని ఉండేది కాబట్టి అదే సరైన మాటనీ, మిగిలినవి చదువురాని వాళ్ళ మాటలనీ నేను చాలాకాలం నమ్మాను. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ గ్రంథాలయంలో అట్ట చిరిగిన ఒక పుస్తకం చేతికి వచ్చి ఆ నమ్మకాన్ని పోగొట్టింది. అది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలకు సంబంధించినది. మా రెండు వైపుల మాటలూ అందులో ఏ ప్రాంతంలో ఏది వాడతారన్న వివరంతో సహా సమాన గౌరవంతో కూర్చుని ఉన్నాయి. సంపాదకుడి పేరు భద్రిరాజు కృష్ణమూర్తి అని అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ పేరు గలవారు ప్రపంచంలోని ముఖ్య భాషాశాస్త్రవేత్తల్లో ఒకరని తెలియడానికి నాకు మరికొన్నేళ్ళు పట్టింది. ఆయన జీవిత విశేషాలను ఒకచోట రాసి పెట్టుకోవాలని ప్రయత్నించిన ప్రతిసారీ ఒక ఇబ్బంది ఎదురవుతూనే ఉంది. తారీఖులు, పదవులు, పురస్కారాలు వరుసగా పేర్చితే ఒక పెద్ద ఉద్యోగి చరిత్ర తయారవుతుంది తప్ప ఆయన కనబడరు. ఆయన కనబడాలంటే మాటల్ని పట్టుకోవాలి. అందుకని ఈ వ్యాసంలో జీవిత చరిత్రను క్లుప్తంగా ముగించి, ఆయన తెలుగు మాటలతో ఏం చేశారో కాస్త తీరికగా చెబుతాను. నేను భాషాశాస్త్రం బోధించేవాణ్ణి కాను. చదువుకుని అర్థం చేసుకున్నంత మేరకే రాస్తున్నాను.

కృష్ణమూర్తి గారు 1928 జూన్ 19న ఒంగోలులో పుట్టారు. ఒంగోలు అప్పటికి గుంటూరు జిల్లాలో ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివి, 1949 నుంచి అక్కడే అధ్యాపకులుగా పనిచేశారు. ‘ఆంధ్ర భాషా వికాసము’ రాసిన గంటి జోగిసోమయాజి గారు తెలుగు శాఖలో ఉన్న కాలమది. తెలుగును సోదర భాషలతో పోల్చి చూసే అలవాటు ఆ శాఖలో అప్పటికే ఉంది. ఆ తరవాత కృష్ణమూర్తి గారు అమెరికా వెళ్ళి, 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్నారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కొద్దికాలం పనిచేసి, 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖకు తొలి ఆచార్యులుగా వచ్చారు. 1986 దాకా అక్కడే ఉన్నారు. ఆ పైన 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. 2012 ఆగస్టు 11న హైదరాబాదులో కన్నుమూశారు. పదవుల సంగతి ఇంతటితో వదిలేస్తాను.

ఆయన డాక్టరేటు పరిశోధన తెలుగు క్రియాధాతువుల మీద. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని పుస్తకంగా వేసింది. ఈ పుస్తకం విలువ తెలియాలంటే దాని కాలం గుర్తుపెట్టుకోవాలి. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు కూర్చిన ద్రావిడ భాషా వ్యుత్పత్తి నిఘంటువు కూడా అచ్చయింది 1961లోనే. ఇవాళ ఏ ద్రావిడ భాషలోని మాటకైనా బంధువులెవరో తెలుసుకోవాలంటే అందరూ ముందుగా తెరిచే పుస్తకం అది. అటువంటి ఆసరా ఇంకా అచ్చులోకి రాని రోజుల్లో, వెయ్యికి పైగా తెలుగు ధాతువులకు తమిళ, మలయాళ, కన్నడ, గోండీ, కువీ మొదలైన భాషల్లో సజాతి పదాలను, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలను, వెతికి, వాటి పాత రూపం ఏదై ఉంటుందో ఊహకు వదిలిపెట్టకుండా నియమాలతో నిరూపించే పనిని ముప్పై ఏళ్ళు నిండని ఒక యువకుడు తలకెత్తుకున్నాడు.

ఆ పుస్తకంలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటి చెబుతాను. మనం ‘మునుగు’ అంటాం, ‘ముంచు’ అంటాం. ‘తిరుగు’ అంటాం, ‘తిప్పు’ అంటాం. ‘అణగు’ అంటాం, ‘అణచు’ అంటాం. తనంత తాను జరిగేది ఒకటి, మరొకరు చేసేది ఇంకొకటి. బడిలో వీటిని అకర్మకం, సకర్మకం అని బట్టీ పట్టించి వదిలేస్తారు. కృష్ణమూర్తి గారు ఈ జంటల చివర ఉన్న గు, చు, పు లాంటి ముక్కలను పట్టుకుని, ఇవి ధాతువులో పుట్టుకతో ఉన్న భాగాలు కావనీ, ఎప్పుడో అతి ప్రాచీన దశలో కాలాన్నీ, చేసేదా జరిగేదా అన్న భేదాన్నీ కలిపి తెలిపిన ప్రత్యయాలనీ, ఆ అర్థాలు ఒక్కొక్కటిగా అరిగిపోగా ధాతువులో కలిసిపోయాయనీ వాదించారు. కాలాన్ని చెప్పే పని ముందు పోయింది. సకర్మక భేదం చెప్పే పని కొన్నిచోట్ల మిగిలింది, కొన్నిచోట్ల అదీ పోయింది. మనం రోజూ వాడే క్రియల తోకల్లో వేల ఏళ్ళ నాటి వ్యాకరణం ఎండిపోయి అంటుకుని ఉందన్నమాట. ఇది చదివిన తరవాత నేను ‘ముంచు’ అన్న మాటను మునుపటిలా పలకలేకపోయాను.

ఆయన పేరు తలచుకోగానే భాషాశాస్త్రజ్ఞులకు మొదట గుర్తుకొచ్చేది మాత్రం 1978లో అమెరికా భాషాశాస్త్ర సంఘం వారి పత్రిక ‘లాంగ్వేజ్’లో వచ్చిన వ్యాసం. దాని విషయం మన వంటింట్లో మొదలవుతుంది. తమిళులు ఉరల్ అనేదాన్ని, కన్నడిగులు ఒరళు అనేదాన్ని మనం రోలు అంటాం. వాళ్ళ ‘ఇరండు’ మన రెండు. వాళ్ళ ‘ఉళ్’ మన లో. వాళ్ళ ‘ఇళ’ మన లేత. వాళ్ళు అచ్చుతో మొదలుపెట్టే మాటను మనం ర కారంతోనో ల కారంతోనో మొదలుపెడుతున్నాం. సాధారణంగా ద్రావిడ భాషల్లో ర, ల, ళ, డ వంటి ధ్వనులు మాట మొదట్లో రావు. తెలుగు, దాని దగ్గరి బంధువులైన గోండీ, కొండ, కూయీ, కువీ, పెంగో, మండ భాషల్లో మాత్రం మాట మధ్యలో ఉండవలసిన ఈ ధ్వనులు అచ్చును వెనక్కి నెట్టి ముందుకు జరిగాయి. ముందే ఒక హల్లు ఉన్నచోట దాన్ని అంటిపెట్టుకున్నాయి. తమిళంలో ‘మరం’ మన కావ్యాల్లో మ్రాను అయింది, వాళ్ళ ‘పొళుదు’ మన ప్రొద్దు అయింది. ఆ తరవాత వాడుకలో ఆ రేఫ కూడా జారిపోయి మాను, పొద్దు మిగిలాయి. పద్యాల్లో కనిపించే వ్రాయు, క్రొత్త, మ్రింగు లాంటి మాటలు మనవాళ్ళు అందం కోసం కల్పించినవి కావు; ఈ ప్రయాణంలో నడిమి మజిలీలు.

ఇలాంటి వర్ణవ్యత్యయం ఉందన్న సంగతి అంతకు ముందువాళ్ళకూ తెలుసు. కృష్ణమూర్తి గారు అడిగిన ప్రశ్న వేరు: ఈ మార్పు అన్ని మాటలనూ ఒక్కసారే పట్టుకుందా, ఒక్కొక్క మాటనూ విడివిడిగా పట్టుకుంటూ పోయిందా? పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితులు ధ్వని సూత్రాలకు మినహాయింపులు ఉండవన్నారు. 1969లో విలియం వాంగ్ అనే పండితుడు దానికి ఎదురుగా, మార్పు ఒక మాట నుంచి మరో మాటకు అంటువ్యాధిలా పాకుతుందని ప్రతిపాదించారు. ఆ వాదానికి నిలబడే సాక్ష్యం కావలసిన సమయంలో ద్రావిడ భాషల నుంచి కృష్ణమూర్తి గారు దాన్ని అందించారు. ఒకే మార్పు ఒక భాషలో కొన్ని మాటలకు జరిగి, అదే పరిస్థితిలో ఉన్న మరికొన్నిటికి జరగకపోవడం, తెలుగులో ఎన్నో శతాబ్దాల కిందటే పూర్తయిన మార్పు కొండల్లోని సోదర భాషల్లో ఇంకా ముగింపుకు రాకపోవడం ఆయన పట్టికలు వేసి చూపించారు. రోలు, మాను లాంటి మన ఇంటి మాటలు ప్రపంచ భాషాశాస్త్రంలో ఒక పెద్ద వాదానికి సాక్షులయ్యాయి. దీన్ని మన తెలుగు వాచకాల్లో ఎక్కడైనా ఒక పేరాగ్రాఫు పెట్టి ఉంటే పిల్లలకు వర్ణవ్యత్యయం అంత నీరసంగా ఉండేది కాదు.

ఐదేళ్ళ తరవాత, 1983లో, అదే పత్రికలో ఇంకొక అడుగు వేశారు. ఈసారి స్టాన్‌ఫర్డ్ గణాంకశాస్త్రవేత్త లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి రాశారు. గోండీ నుంచి మండ దాకా ఆరు భాషలు ఏ క్రమంలో ఒకదాని నుంచి ఒకటి విడిపోయి ఉండవచ్చో రెండేసి కొమ్మలుగా చీలే వంశవృక్షాలుగా గీస్తే 945 వృక్షాలు వస్తాయి. ఆ 945లో ఏది నిజానికి దగ్గరగా ఉంటుంది? మారిన మాటలతోపాటు, మారకుండా మిగిలిన మాటలు ఏ భాషల్లో ఉన్నాయో చూస్తే దారి తెలుస్తుందన్నది వారి యుక్తి. లెక్కల్లో గెలిచిన వృక్షం, పాత పద్ధతిలో పండితులు తేల్చిన వర్గీకరణకే బలం చేకూర్చింది. భాషల వంశవృక్షాలను కంప్యూటర్లతో గీయడం ఇప్పుడు చాలా మామూలు. 1983లో, అందులోనూ లిపి లేని కొండభాషల మాటలతో, అది మామూలు కాదు.

ఆ కొండభాషల దగ్గర కాసేపు ఆగాలి. 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ తరఫున ఆయన కొండ భాష మీద వ్యాకరణం ప్రచురించారు. అరకు ప్రాంతంలో కొండదొరలు మాట్లాడే ఈ భాషను వాళ్ళే కూబి అంటారు. పుస్తకం పేరులో ఆయన ఆ రెండో పేరును కూడా ఉంచారు. మనం బడిలో ‘బండి ఱ’ నేర్చుకుని, దానికీ మామూలు ర కారానికీ తేడా ఏమిటని అడిగితే ఏ మాస్టారూ పలికి చూపించలేని స్థితికి వచ్చాం. మనం పోగొట్టుకున్న ఆ భేదాన్ని కొండ భాష ఇప్పటికీ నాలుక మీద నిలుపుకుంది. శకటరేఫ ఎలా ఉండేదో నన్నయను అడగలేం గానీ, అరకు లోయలో ఒక కొండదొరను అడగవచ్చు. తెలుగు చరిత్రకు కావలసిన సాక్ష్యం తెలుగేతరుల నోట, అదీ మనం చిన్నచూపు చూసే వాళ్ళ నోట ఉంటుందన్నది కృష్ణమూర్తి గారి పనిలో మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది.

ఈ విషయంలో గిడుగు రామమూర్తి గారు గుర్తుకు రాకుండా ఉండరు. పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాయడమే కాక, జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటు కావాలని పోరాడిన మనిషి ఆయన. ఇద్దరిలోనూ ఉన్నది ఒకటే వినికిడి. ఒక తేడా కూడా ఉంది. గిడుగు వారిది పోరాటం. ఆయన రాతలో ఆవేశం మండుతూ ఉంటుంది. కృష్ణమూర్తి గారిది రుజువు. ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన ఐరిష్ పండితుడు జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో ఆయన ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం, వ్యావహారికం గెలవాలా వద్దా అన్న చర్చలోకి దిగనే దిగదు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళు మాట్లాడుతున్న, రాస్తున్న తెలుగు ఇదిగో ఇలా ఉంది, దాని నియమాలు ఇవీ అని నెమ్మదిగా చెప్పుకుంటూ పోతుంది. వాడుక భాషకు వ్యాకరణం ఉండదన్న వాళ్ళకు ఇంతకన్నా మంచి సమాధానం నాకు కనబడలేదు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉండడమే నా ఫిర్యాదు.

నిజానికి ఆయన పట్ల నాకున్న ఫిర్యాదు అదొక్కటే. ముఖ్యమైన సిద్ధాంతాలన్నీ ఇంగ్లీషులో రాశారు. ప్రపంచానికి తెలియాలంటే తప్పదు, నిజమే. తెలుగులో ఆయన సంపాదకత్వంలో 1974లో వచ్చిన ‘తెలుగు భాషా చరిత్ర’ ఉంది. వేరువేరు పండితులు రాసిన అధ్యాయాలతో, శాసన భాష నుంచి మాండలికాల దాకా నడిచే ఆ పుస్తకం ఇప్పటికీ తెలుగు ఎం.ఏ. విద్యార్థుల చేతుల్లో నలుగుతూనే ఉంది. కానీ రోలు, మ్రాను కథను ఆయన స్వయంగా, అంత వివరంగా, తెలుగు పాఠకుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఆయన చెప్పిన అతి పెద్ద మాటల్లో ఒకటి, వంశవృక్షంలో తెలుగు తమిళ, కన్నడాల కన్నా గోండీ, కూయీ, కొండ భాషలకే దగ్గర అన్నది. ఎదుటివాళ్ళకు చెబితే ఇప్పటికీ సగంమంది నమ్మరు. కన్నడ లిపి మన లిపిని పోలి ఉంటుంది కదా అంటారు. లిపి వేరు, భాష వేరు అని వివరించేలోపు కాఫీ చల్లారిపోతుంది.

2003లో, డెబ్బై ఐదో ఏట, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి ఆయన ‘ద్రావిడ భాషలు’ అన్న పుస్తకం వచ్చింది. ఐదు వందల పుటలు దాటిన ఆ ఇంగ్లీషు గ్రంథంలో మొత్తం కుటుంబం చరిత్ర ఉంది. 1816లో ఎల్లిస్ అనే మద్రాసు అధికారి ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వేరే కుటుంబం అన్నాడు. 1856లో కాల్డ్వెల్ ఆ కుటుంబానికి తొలి తులనాత్మక వ్యాకరణం రాశాడు. దాని తరవాత ఆ విస్తృతిలో, ఒకే వ్యక్తి రాసిన పుస్తకం ఇదే అని చెప్పుకోవచ్చు. అంత వయసులో కూడా ఆయన పాత నిర్ణయాలను తిరగదోడడం మానలేదు. మనం ‘ఆ ఊరు’ అనేటప్పుడు దీర్ఘం, ‘అది’ అనేటప్పుడు హ్రస్వం ఎందుకు వస్తుంది? ‘ఈ’, ‘ఇది’ జంటలోనూ ఇదే తేడా. తమిళ వ్యాకరణాలు ఆయ్దం అని పిలిచే, వాళ్ళ ప్రాచీన భాషలో అరుదుగా కనిపించే ఒక ధ్వనిని ఆధారంగా తీసుకుని, మూలద్రావిడంలో, అంటే ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషలో, హ కారం వంటి ధ్వని ఒకటి ఉండేదనీ, అది పోతూ పోతూ కొన్నిచోట్ల ముందున్న అచ్చును దీర్ఘం చేసిందనీ తొంభైల చివర్లో ఆయన ప్రతిపాదించారు. దీన్ని అందరూ ఒప్పుకున్నారని చెప్పలేను. నాకు నచ్చినది, డెబ్బై దగ్గర పడ్డ పండితుడు ఇంత చిన్న మాట మీద, ‘అది’ మీద, అంత కాలం వెచ్చించడం.

మళ్ళీ నాగలి దగ్గరికి వస్తాను. తమిళంలో నాంజిల్, కన్నడంలో నేగిలు, తెలుగులో నాగలి ఒకే మాట రూపాలు. అంటే ఈ భాషలు విడిపోక ముందు మాట్లాడినవాళ్ళకు నాగలి తెలుసు. సంస్కృతంలోని లాంగలానికి కూడా దీనితో చుట్టరికం ఉందంటారు; ఆ మాట అసలు వేరే కుటుంబానికి చెందిన ముండా భాషల నుంచి అందరికీ వచ్చిందన్న వాదమూ ఉంది. మూడు కుటుంబాల రైతులు ఎవరి దగ్గర ఎవరు దున్నడం నేర్చుకున్నారో ఒక్క మాట వెనక దాగి ఉంది. మాండలిక వృత్తిపదకోశం పనిలో పల్లెల్లో రైతులను అడిగి మాటలు సేకరించిన కృష్ణమూర్తి గారికీ, మూలద్రావిడ రూపాలను పునర్నిర్మించిన కృష్ణమూర్తి గారికీ మధ్య ఏ ఎడమూ లేదని నేననుకునేది ఇందువల్లే. మాండలికాల ఆధారంగానే తెలుగు నేలను ఆయన ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య అనే నాలుగు భాషా మండలాలుగా విభజించారు: తెలంగాణ, రాయలసీమ నెల్లూరులు, కళింగాంధ్ర, మధ్య కోస్తా. 1971లో వచ్చిన చేనేత పదాల సంపుటం కూడా ఆయనదే.

పోయినేడు సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు వ్యవసాయ సంపుటంలోని కొన్ని పుటలు ప్రతి తీయించి పట్టుకెళ్ళాను. మా పెద్దనాయనకు ఎనభై దాటింది. ఇరవై ఏళ్ళుగా మా పొలాల్లో ట్రాక్టరే దున్నుతోంది. అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్క మాటే చదువుతూ పోయాను. మేడి, కర్రు, నొగ, కాడి అన్నప్పుడు తల ఊపాడు. కొన్నిటికి, “ఇది మా పక్క మాట కాదు, నెల్లూరోళ్ళు అట్ల అంటారు” అన్నాడు. చూస్తే రెండు మూడుచోట్ల ఆయన చెప్పిన ప్రాంతమే పుస్తకంలోనూ ఉంది. ఒకచోట మాత్రం మా జిల్లా పేరు వేసి ఉన్న మాటను ఆయన అసలు ఎప్పుడూ వినలేదన్నాడు.

“పెద్దనాయనా, పెద్ద పెద్ద పండితులు ఊరూరూ తిరిగి రాసినారు దీన్ని,” అన్నాను.

“రాసింటారు లేరా. ఏ ఊర్లో అడిగినారో చూడు ముందు,” అన్నాడు.

కృష్ణమూర్తి గారు ఉండి ఉంటే అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అయి ఉండేది. నేను పెన్సిలు తీసి, ఆ మాట పక్కన మా ఊరి పేరు, ఆయన వయసు, ఆయన చెప్పిన మాట రాసుకున్నాను. ఆ తరవాత మడకకు ఉన్న ముక్కలన్నిటి పేర్లూ మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను.